ముందు ప్రశ్న, తర్వాత పుస్తకం: అన్ని విషయాలూ చదవాలనుకునేవాళ్లు జాబితా ఎలా తయారుచేసుకోవాలి

నేను విజయనగరంలో ఉంటాను, ఉద్యోగం శ్రీకాకుళంలో. పొద్దున రైలెక్కితే నెల్లిమర్ల, గరివిడి, చీపురుపల్లి, పొందూరు, దూసి దాటి ఆమదాలవలసలో దిగేసరికి గంట దాటుతుంది. సాయంత్రం మళ్లీ అంతే. కూర్చోడానికి చోటు దొరికితే ఆ రెండు గంటలూ నావే. వాటిని ఫోనుకి ఇచ్చేయకూడదని ఒక పుస్తకాల జాబితా రాసుకున్నాను. ఆ మొదటి జాబితా పనిచేయలేదు. తర్వాత వేరే పద్ధతిలో రాసుకున్నది ఆరేళ్లుగా నడుస్తోంది. ఆ పద్ధతి ఇక్కడ వివరంగా చెబుతాను. మీరు ఈ వారమే మొదలుపెట్టుకోవచ్చు, ఖర్చు ఒక నోట్‌బుక్ ఖరీదే.

మొదటిది ఎందుకు ఆగిపోయిందో చెప్పాలి, ఎందుకంటే చాలామంది అక్కడే వదిలేస్తారు. "తప్పక చదవాల్సిన వంద పుస్తకాలు" లాంటివి నాలుగైదు చోట్ల నుంచి ఎత్తి రాసుకున్నాను. పుస్తక ప్రదర్శన పెడితే వెళ్లి ఒకేసారి పదకొండు కొన్నాను. రెండేళ్లకు మూడు పూర్తయ్యాయి, మూడూ నవలలే. మిగతా ఎనిమిదీ మంచి పుస్తకాలే. కానీ వాటిని అడగడానికి నా దగ్గర ప్రశ్నంటూ ఏదీ లేదు. ఆకలి లేనివాడికి విస్తరి వేసినట్టయింది. అప్పటి నుంచి నేను పెట్టుకున్న నియమం ఒక్కటే: జాబితాలో ముందు ప్రశ్న రాయాలి, దాని కింద పుస్తకం పేరు రావాలి. ఇక్కడ చెప్పేవన్నీ దాని చుట్టూ అల్లుకున్నవే.

చదివినవి లెక్క వేయండి

రెండు వందల పేజీల నోట్‌బుక్ ఒకటి తీసుకోండి. ఫోనులో రాసుకుంటే సరిపోదా అని అడుగుతారు. ఫోనులో రాసింది వెనక్కి తిప్పి చూసే అలవాటు మనలో చాలామందికి ఉండదు. ఈ పద్ధతికి వెనక్కి తిప్పడమే ప్రాణం.

మొదటి పేజీలో గత రెండేళ్లలో చదివినవన్నీ రాయండి. సగంలో వదిలేసినవీ, పరీక్ష కోసం చదివినవీ, వారపత్రికలో వరసగా వచ్చిన వ్యాసాలూ అన్నీ రాయండి. గొప్పగా కనిపించాలని ఏదీ చేర్చకండి, చిన్నతనంగా ఉందని ఏదీ తీసేయకండి. ఈ పేజీ మీరు తప్ప ఇంకెవరూ చూడరు.

ఇప్పుడు ప్రతి పేరు పక్కనా ఒక అంకె వేయాలి. ఆ అంకెలు లైబ్రరీ నుంచి తెచ్చుకుందాం. 1876లో మెల్విల్ డ్యూయీ అనే అమెరికన్ లైబ్రేరియన్ మనుషుల విజ్ఞానాన్నంతా పది భాగాలు చేసి అంకెలిచ్చాడు. చాలా గ్రంథాలయాల్లో పుస్తకం వీపు మీద అంటించి కనిపించే అంకె అదే. 000 అంటే విజ్ఞాన సర్వస్వాలు, కంప్యూటర్ల లాంటివి. 100 తత్వశాస్త్రం, మనస్తత్వశాస్త్రం. 200 మతం. 300 సమాజం, అంటే రాజకీయం, ఆర్థికం, చట్టం, చదువు, జానపదం. 400 భాష. 500 గణితం, ప్రకృతి శాస్త్రాలు. 600 మనిషి చేతికి పనికొచ్చే విద్యలు: వైద్యం, వ్యవసాయం, ఇంజనీరింగ్, వంట. 700 సంగీతం, చిత్రలేఖనం, ఆటలు. 800 సాహిత్యం. 900 చరిత్ర, భూగోళం, జీవిత చరిత్రలు.

ఈ విభజనలో లోపాలున్నాయి. మతం కింద క్రైస్తవానికే ఎక్కువ అంకెలిచ్చి మిగతా ప్రపంచాన్నంతా ఒక మూలకు నెట్టాడు. కానీ మనకు కావలసింది దోషం లేని విభజన కాదు, మన ఇంట్లో ఏ గది తలుపు తెరవలేదో చూపించే అద్దం. దానికిది చక్కగా సరిపోతుంది.

నేను వేసినప్పుడు 31 పేర్లు వచ్చాయి. వాటిలో 22 సాహిత్యం, ఐదు మతం, నాలుగు చరిత్ర. మిగతా ఏడు గదులూ ఖాళీ. పది గదుల ఇంట్లో మూడు గదుల్లోనే తిరుగుతున్నానని ఆ రోజు తెలిసింది. మీ లెక్క ఇంకోలా ఉండొచ్చు. పోటీ పరీక్షలకు చదివిన పిల్లలకు 300, 900 నిండుగా ఉండి 700, 800 ఖాళీగా ఉండటం మా బంధువుల ఇళ్లలోనే చూశాను.

ఖాళీలు చూసి కంగారు పడొద్దు. అన్ని గదులూ ఒకేసారి తెరవాలనుకుంటే ఏదీ తెరుచుకోదు. మొదటి ఏడాదికి రెండు ఖాళీ గదులు ఎంచుకోండి, చాలు.

ప్రశ్నలు ఎక్కడ దొరుకుతాయి

ప్రశ్న ఎంత దగ్గర్లో దొరికితే పుస్తకం అంత తొందరగా చదవబుద్ధవుతుంది. "సైన్సు గురించి తెలుసుకోవాలి" అన్నది ప్రశ్న కాదు. రోజూ కళ్లముందు కనబడుతూ, ఎందుకలా ఉందో మీకు తెలియనిది ప్రశ్న.

నా నోట్‌బుక్‌లో ఒక పేజీ చూపిస్తాను. మా రైలు పొందూరులో ఆగుతుంది. పొందూరు ఖద్దరు సన్నదనం గురించి అందరూ వినే ఉంటారు. అక్కడ ఒకసారి దిగి, నూలు వడికే ఒక పెద్దావిడ దగ్గర కూర్చున్నాను. ఆవిడ చేతిలో ఎముక ముక్క ఒకటుంది. దాని మీద చిన్న చిన్న పళ్లు, దువ్వెనకున్నట్టు ఒత్తుగా. దాంతో పత్తిని గింజ మీదే దువ్వుతోంది. ఒక్కో గింజ చుట్టూ ఉన్న దూది నిటారుగా లేచి, దుమ్మూ ధూళీ రాలిపోతున్నాయి. "ఇది వాలుగ చేప దవడమ్మా. ఇది లేందే ఈ నూలు రాదు" అంది ఆవిడ.

రైలెక్కి నోట్‌బుక్‌లో రాసుకున్నాను: "పత్తి దువ్వడానికి చేప దవడే ఎందుకు?" అంతే, పేజీ పైన ఆ ఒక్క వాక్యం. కింద ఖాళీ.

తర్వాత దాని కింద అంకెలు వేసుకుంటూ వచ్చాను. 600: పత్తి నుంచి నూలు దాకా ఏం జరుగుతుంది, మిల్లు నూలుకీ రాట్నం నూలుకీ తేడా ఏంటి. 500: వాలుగ ఎలాంటి చేప, దానికి అంత సన్నని పళ్లు ఎందుకున్నాయి. 300: రోజంతా వడికితే ఆవిడకి వచ్చేదెంత, ఆ లెక్క ఎవరు కడతారు. 900: ఖద్దరు స్వాతంత్ర్యోద్యమంలోకి ఎలా వచ్చింది. 400 కింద మొదట ఏమీ రాయలేదు.

500 గదిలో వెతుకుతుంటే ఒక ఆశ్చర్యం ఎదురైంది. వాలుగ చేపకు శాస్త్రీయ నామం వల్లాగో అట్టు. ఆ వల్లాగో మన వాలుగే! ప్యాట్రిక్ రసెల్ అనే వైద్యుడు ఈస్టిండియా కంపెనీ కొలువులో విశాఖపట్నంలో ఉండి, అక్కడ సేకరించిన రెండు వందల చేపల వివరాలూ బొమ్మలూ 1803లో అచ్చు వేయించాడు. చేపల పేర్లు మన జాలర్లు ఎలా పలికారో అలాగే ఇంగ్లిషు అక్షరాల్లో పెట్టాడు. తర్వాత వచ్చిన శాస్త్రవేత్తలు ఆ పేరు నుంచే శాస్త్రీయ నామం కట్టారు. అంటే మన తీరంలో వలలాగే మనిషి నోటి మాట ఇవాళ ప్రపంచంలోని జీవశాస్త్ర పుస్తకాలన్నిటిలో ఉంది. ఈ రసెల్ పాముల మీద కూడా పనిచేశాడు. రక్తపింజరను ఇంగ్లిషులో ఆయన పేరుతోనే పిలుస్తారు. నా పేజీలో 400 కింద ఆ రోజు ఒక వాక్యం చేరింది: "మన ఊరి మాటలు ఇంకేమేం శాస్త్రీయ నామాల్లోకి వెళ్లాయి?"

ఒక్క ఎముక ముక్క ఐదు గదులు తెరిచింది. ఆ పేజీ మీద నాకు ఏడు నెలలు గడిచాయి, ఆరు పుస్తకాలు చదివాను. వాటిలో చేనేత కూలి లెక్కల పుస్తకం మామూలుగా అయితే నేను చేత్తో కూడా ముట్టుకునేదాన్ని కాదు.

మీకు పొందూరు దూరమైతే మీ వీధిలోనే చూడండి. పలాస వైపు ఉంటే జీడి గింజలు కాల్చి కొట్టే ఆడవాళ్ల చేతులు ఎందుకు నల్లబడతాయి? బొబ్బిలి వీణకు పనస చెక్కే ఎందుకు వాడతారు, అది కూడా ఒకే మొద్దు ఎందుకు తొలుస్తారు? సీతంపేట సంతలో పక్కపక్కన నిలబడి మాట్లాడుకునే సవరల భాషా, కొండకింద తెలుగూ వేరు వేరు కుటుంబాలవి. సవర ముండా భాషల్లోది, తెలుగు ద్రావిడం. అదే కొండల్లో కువి మాట్లాడేవాళ్ల భాష మాత్రం తెలుగుకు చుట్టమే. ఇదెలా జరిగింది? 400 గది ఇంత రుచిగా ఉంటుందని నాకు గిడుగు రామమూర్తి గారి జీవితం చదివేదాకా తెలియదు. ఆయన మన శ్రీముఖలింగం దగ్గర పర్వతాలపేటలో పుట్టి, సవర నేర్చుకుని, ఆ భాషకు వ్యాకరణం, నిఘంటువు రాసిన మనిషి. వ్యావహారిక తెలుగు కోసం పోరాడినందుకే ఆయన్ని గుర్తు చేసుకుంటాం గానీ ఈ పని దానికేమీ తీసిపోదు.

మొదటి నెలలో పది ప్రశ్నలు రాసుకోండి. పేజీకి ఒకటి. పుస్తకాల గురించి అప్పుడే ఆలోచించొద్దు.

మనుషుల్ని అడిగే తీరు

ఎవరినైనా "మంచి పుస్తకం చెప్పండి" అని అడిగితే వాళ్లకు గుర్తున్న పెద్ద పేరేదో చెప్పేస్తారు. అది వాళ్ల తప్పు కాదు, ప్రశ్న అలాంటిది. పుస్తకాలు చదవనివాళ్ల దగ్గర కూడా మన జాబితాకు సరుకుంటుంది. వాళ్లను ఇలా అడగండి: "మీ పని గురించి బయటివాళ్లు తప్పుగా అనుకునేది ఏంటి?"

మా మేనమామ ముప్ఫై ఏళ్లు జూట్ మిల్లులో చేశాడు. ఒక పండక్కి భోజనాలయ్యాక ఆయన్ని అడిగాను.

"అందరూ జూట్ మిల్లంటారమ్మా. మేం ఎక్కువ ఆడించింది గోగునార. గోగుకీ, మీరు పచ్చడి సేసుకునే గోంగూరకీ సుట్టరికం. ఆ సంగతి ఎవులికీ తెల్దు."

"నిజంగానా మావయ్యా? రెండూ ఒకటేనా?"

"ఒకటి కాదమ్మా, అన్నదమ్ములు."

ఆయన చెప్పింది అక్షరాలా నిజం. గోగూ గోంగూరా మందార కుటుంబంలోని ఒకే ప్రజాతి మొక్కలు. ఈ నారకు వ్యాపారుల నోట్లో "బిమ్లీ జూట్" అని పేరుండేది. భీమిలి రేవు నుంచి ఓడలెక్కేది కాబట్టి. వానాకాలం పోయాక మన ఊళ్ల చెరువుల్లో గోగు కట్టలు నానబెట్టి, ఆ వాసన ఊరంతా కొడుతుంటే ముక్కు మూసుకుని పోయేదాన్ని. కర్రను పట్టి ఉంచే జిగురును నీళ్లలో సూక్ష్మజీవులు తినేస్తే నార విడిపోతుందని, ఆ వాసన వాటి పనేనని మావయ్య మాట పట్టుకుని వెళ్లాకే తెలుసుకున్నాను. 500, 600, 300 గదులు మూడూ ఆ పేజీలో ఉన్నాయి.

మీ ఇంటికి వచ్చే లైన్‌మన్‌నీ, ఆస్పత్రిలో నర్సునీ, పొలం కౌలుకు చేసే బాబాయినీ ఇలాగే అడిగి చూడండి. వాళ్లు చెప్పింది వాళ్ల మాటల్లోనే రాసుకోండి, మార్చొద్దు. తర్వాత పుస్తకంలో వెతికేటప్పుడు ఆ మాటే దారి చూపిస్తుంది.

పుస్తకాల పేర్లు వెతకడం

ప్రశ్నలు చేతికొచ్చాక జిల్లా గ్రంథాలయానికో, మీ మండలంలో ఉన్న శాఖా గ్రంథాలయానికో వెళ్లండి. సెలవు రోజు ఏదో ముందే కనుక్కోండి, లేకపోతే ఛార్జీలు దండగ. కొద్దిపాటి డిపాజిట్ కట్టి సభ్యత్వం తీసుకుంటే పుస్తకాలు ఇంటికిస్తారు. ఇంటి పన్నుతో పాటు గ్రంథాలయ పన్ను మనందరం కడుతున్నాం, కాబట్టి మొహమాటం అక్కర్లేదు. వెళ్లి పేరు అడగకుండా మీ ప్రశ్న అడగండి. "గోగునార గురించి ఏమైనా ఉందాండీ?" అంటే లైబ్రేరియన్ గారికీ హుషారొస్తుంది. దొరికిన పుస్తకం పక్కన ఆ అరలో ఏమున్నాయో తప్పకుండా చూడండి. అంకె ప్రకారం పెట్టి ఉంటే పక్కనున్నదీ అదే విషయం. నా జాబితాలో మంచివి సగం పక్కన దొరికినవే.

ప్రతి ప్రశ్నకూ మూడు మెట్ల పుస్తకాలు రాసుకోండి. ఇది నేను ఆలస్యంగా నేర్చుకున్నది, మీరు మొదటే పాటించండి. మొదటి మెట్టు పిల్లల పుస్తకం, లేదా హైస్కూలు పాఠ్యపుస్తకం. రెండోది మామూలు పాఠకుల కోసం రాసింది. మూడోది ఆ విషయంలో పనిచేసేవాళ్లు రాసింది. మీకు కొత్తదైన గదిలో నేరుగా మూడో మెట్టు మీద కాలు పెడితే ఇరవయ్యో పేజీలో జారతారు, ఇక ఆ గది వైపే చూడరు. నలభై ఏళ్ల వయసులో ఎనిమిదో తరగతి సైన్సు పుస్తకం రైల్లో తీసి చదవడానికి సిగ్గెందుకు? నేను చదివాను. కణం గురించి స్కూల్లో అర్థం కానిది అప్పుడు అర్థమైంది.

భాష సంగతి. తెలుగులో సాహిత్యం, ఆధ్యాత్మికం బోలెడన్ని దొరుకుతాయి, చరిత్ర బాగానే దొరుకుతుంది. 500, 600 గదుల్లో మొదటి మెట్టు ఉంది, రెండో మెట్టు పలచగా ఉంది. 1906లోనే కొమర్రాజు లక్ష్మణరావు గారు విజ్ఞాన చంద్రికా మండలి పెట్టి చరిత్రతో పాటు సైన్సు పుస్తకాలు కూడా తెలుగులో వేయించారు. ఆ దారిలో ఇంకా ఎన్నో రావాల్సి ఉందని నా బాధ. ఇప్పటికి చేయగలిగింది ఇది: మొదటి మెట్టు తెలుగులో ఎక్కండి, మాటలు పట్టుబడతాయి. ఆ తర్వాత అదే విషయం ఇంగ్లిషులో చదివితే ముందున్నంత భయం ఉండదు. నోట్‌బుక్ చివర పది పేజీలు మాటల కోసం వదిలి, ఇంగ్లిషు మాట పక్కన తెలుగు మాట రాసుకుంటూ పోండి. నేషనల్ బుక్ ట్రస్ట్ వాళ్ల తెలుగు పుస్తకాలు తక్కువ ధరకే ఉంటాయి, రకరకాల విషయాలుంటాయి, వాళ్ల జాబితా ఒకసారి పూర్తిగా చూడండి.

కథలకు మాత్రం మన ప్రాంతం వాళ్లు ఎక్కడికీ పోనక్కర్లేదు. కాళీపట్నం రామారావు గారు, మనందరి కారా మాస్టారు, 1997లో శ్రీకాకుళంలో కథానిలయం పెట్టారు. తెలుగు కథలన్నిటినీ ఒకచోట చేర్చాలని పెట్టిన లైబ్రరీ అది. పాత వార, మాస పత్రికలు కూడా ఉన్నాయి. అక్కడికి వెళ్లేటప్పుడు ప్రశ్న పట్టుకెళ్లండి: "రైతుకూలీ వలస మీద కథలు", "చేనేత మీద కథలు", ఇలా. 300 గదిలో లెక్కల్లో చదివిన సంగతి 800 గదిలో మనిషై ఎదురొస్తుంది.

ఇంటర్నెట్‌లో తెలుగు వికీసోర్స్, ఇంటర్నెట్ ఆర్కైవ్, నేషనల్ డిజిటల్ లైబ్రరీ ఈ మూడూ చూడండి. మన చట్టం ప్రకారం రచయిత చనిపోయాక 60 ఏళ్ల దాకా హక్కులుంటాయి, ఆ తర్వాత ఎవరైనా ఉచితంగా చదువుకోవచ్చు, పంచుకోవచ్చు. అనువాదమైతే అనువాదకుడి హక్కులు వేరేగా లెక్క. హక్కులున్న పుస్తకం పీడీఎఫ్ ఎవరో పంపితే తీసుకోకండి. తెలుగులో రాసి బతికేవాళ్లు అసలే తక్కువ.

పాత పుస్తకాలు వెతికేటప్పుడు పాత పేర్లతో వెతకాలి. ఇది తెలియక నేను నెలలు పోగొట్టుకున్నాను. శ్రీకాకుళం జిల్లా 1950లో, విజయనగరం జిల్లా 1979లో ఏర్పడ్డాయి. బ్రిటిష్ వాళ్ల కాలంలో విజయనగరం విశాఖపట్నం జిల్లాలో ఉండేది. శ్రీకాకుళం గంజాం జిల్లాలో ఉండేది, 1936లో ఒడిశా ఏర్పడేదాకా. కాబట్టి శ్రీకాకుళం అని కొడితే రానిది "చికాకోల్" అనో "గంజాం" అనో కొడితే వస్తుంది. విశాఖపట్నానికి "విజగపటం" అని ఇంగ్లిషు స్పెల్లింగ్ కొట్టాలి. 1907లో అచ్చయిన విశాఖపట్నం జిల్లా గెజిటీర్ ఇలాగే దొరికింది. పంటలు, కరువులు, సంస్థానాలు, కొండ జాతులు అన్నీ ఉన్నాయందులో. అది పాలించేవాడు పాలితుల గురించి రాసింది. అందుకని ఆ పేజీలో దాని ఎదురుగా మనవాళ్లు రాసింది ఒకటి తప్పకుండా పెట్టుకోండి.

పదిహేను నిమిషాల పరీక్ష

పేరు బాగుందని పుస్తకం జాబితాలోకి రానివ్వకండి. చేతిలోకి తీసుకుని పదిహేను నిమిషాలు చూడండి. విషయసూచిక చదివి, మీ ప్రశ్నకు దగ్గరగా ఏ అధ్యాయం ఉందో చూడండి. పుస్తకం మధ్యలో ఎక్కడో తెరిచి రెండు పేజీలు చదవండి. మొదటి పేజీలు అందరూ బాగా రాస్తారు, మధ్యలో తెలుస్తుంది. ఆ రెండు పేజీల్లో ఒక్క కొత్త సంగతైనా అర్థమైతే ఉంచండి. ఏమీ అర్థం కాకపోతే అది పై మెట్టు పుస్తకం, తర్వాతకి రాసుకోండి. అన్నీ తెలిసినవే అయితే వదిలేయండి.

అచ్చయిన ఏడాది చూడండి. వైద్యం, కంప్యూటర్లు, చట్టం లాంటివి పాతబడితే తప్పుదారి పట్టిస్తాయి. కథకీ చరిత్రకీ పాతదనం అడ్డు కాదు, కొన్నిసార్లు అదే వాటి విలువ.

ఏ కూర్పో కూడా రాసుకోండి. మన విజయనగరం ఉదాహరణే చూడండి. గురజాడ కన్యాశుల్కం మొదట 1892లో ప్రదర్శించారు, 1897లో అచ్చయింది. ఆయన దాన్ని మళ్లీ పెంచి, మార్చి రాసి 1909లో రెండో కూర్పు తెచ్చారు. మనందరం చదివేది ఆ రెండోదే. ఇద్దరు స్నేహితులు రెండు కూర్పులు చదివి ఒకటే నాటకమనుకుని వాదించుకుంటే తేలదు. నేను ముందు రెండోది చదివి, తర్వాత మొదటిది చదివాను. ఒక రచయిత తన పనిని తానే ఎలా దిద్దుకుంటాడో దాన్నిబట్టి నాకు అర్థమైనంతగా ఏ విమర్శ వల్లా కాలేదు.

ఎన్ని పెట్టుకోవాలి

రోజుకు ఇరవై పేజీలు చదువుతారనుకుందాం. ఏడాదికి 7,300 పేజీలు. పుస్తకం సగటున 250 పేజీలనుకుంటే 29 పుస్తకాలు. పెళ్లిళ్లు, జ్వరాలు, పిల్లల పరీక్షలు, ఆఫీసులో మార్చి నెల, ఇవన్నీ తీసేస్తే ఇరవై. కాబట్టి మూడు వందల పుస్తకాల జాబితా అంటే పదిహేనేళ్ల పని. దాన్ని చూస్తేనే టెన్షన్ వస్తుంది, చదవబుద్ధి కాదు.

నేను ముప్ఫై పెట్టుకుంటాను. కొత్తది ఒకటి రావాలంటే పాతది ఒకటి పోవాలి, చదివేసైనా, కొట్టేసైనా. కొట్టేసినప్పుడు ఎందుకో రెండు మాటలు రాస్తాను. వాటిలో నాలుగైదు తీసి "చేతిలో ఉన్నవి" అని వేరే రాసుకుంటాను, అవి వేరు వేరు గదులవై ఉండేలా చూస్తాను. పొద్దున రైల్లో బుర్ర తేటగా ఉంటుంది, 500 గది పుస్తకం తీస్తాను. సాయంత్రం అలసిపోయి కథలు, జీవిత చరిత్రలు చదువుతాను. ఒకటి కష్టమైన రోజున ఇంకోటి చదువు ఆగకుండా చూస్తుంది.

కొనడం గురించి ఒక్క మాట. లైబ్రరీలో చదివి, మళ్లీ తిప్పాలనిపించినదే కొనండి.

చదివేటప్పుడు

యాభై పేజీలు ఓపిక పట్టండి. అప్పటికీ కదలకపోతే ఆపేయండి. ఆపేసిన పుస్తకం మీద అపరాధ భావం పెట్టుకుంటే తర్వాతి పుస్తకం మీదకి అది పాకుతుంది.

పూర్తయ్యాక ఐదు వాక్యాలు రాయండి, పుస్తకం మూసేసి, చూడకుండా. నా ప్రశ్నకు జవాబేంటి? నేను నమ్మనిది ఏముంది? కొత్తగా పుట్టిన ప్రశ్న ఏంటి? ఈ మూడూ ఉంటే చాలు. కొత్త ప్రశ్నకు కొత్త పేజీ కేటాయించండి. ఆరు నెలలకు చూస్తే జాబితా తనంతట తనే పెరుగుతుంటుంది, ఎవరి వంద పుస్తకాల జాబితా కోసమూ వెతుక్కోవాల్సిన పని ఉండదు.

ఏడాదికోసారి

దసరా వెళ్లాక మంగళవారం మా ఊళ్లో పైడితల్లి అమ్మవారి సిరిమానోత్సవం. ఆ హడావిడి అయిపోయి, చుట్టాలు వెళ్లిపోయాక వచ్చే ఆదివారం నేను నోట్‌బుక్ తీసి మళ్లీ అంకెలు వేస్తాను. మీకు ఉగాదో, పుట్టినరోజో, గుర్తుండే రోజు ఏదైనా పెట్టుకోండి. ఆ ఏడాది చదివినవి పది గదుల్లో ఎక్కడెక్కడ పడ్డాయో చూడండి, వచ్చే ఏడాదికి ఇంకో రెండు ఖాళీ గదులు ఎంచుకోండి. పోయినసారి నా లెక్క: మొత్తం 21. సాహిత్యం 7, సైన్సు 4, వ్యవసాయం, వైద్యం కలిపి 3, సమాజం 3, చరిత్ర 2, భాష 1, సంగీతం 1. సంగీతం గది తెరవడానికి ఇన్నేళ్లు పట్టింది, 1919 నుంచి సంగీత కళాశాల ఉన్న ఊళ్లో పుట్టి పెరిగి కూడా. ఆ పుస్తకం తాళాల గురించి, పిల్లల కోసం రాసిన మొదటి మెట్టు పుస్తకమే. ఇప్పుడు కచేరీకి వెళ్తే నా చేయి తొడ మీద ఆది తాళం వేస్తోంది. ఇంకా అప్పుడప్పుడూ తప్పుతోంది, వేస్తూనే ఉన్నాను.

ప్రస్తుతం నా నోట్‌బుక్‌లో తెరిచి ఉన్న పేజీ నాగావళిది. దూసి దాటాక రైలు వంతెన మీద నెమ్మదిస్తుంది, అక్కడ రాసుకున్న ప్రశ్న: "ఎక్కడో కలహండి కొండల్లో పడ్డ వానకు ఇక్కడ ఎన్ని గంటల తర్వాత నీళ్లు పెరుగుతాయి, ఆ లెక్క ఎవరు, ఎలా కడతారు?" కింద 900 అని వేసి తొమ్మిదో తరగతి భూగోళం పుస్తకం పేరు రాశాను. 600 పక్కన, 300 పక్కన ఇంకా ఖాళీ. శనివారం లైబ్రరీకి వెళ్లాలి.